గ్రీన్ ఇన్వెస్ట్‌మెంట్: పేరు పచ్చగా ఉంటే సరిపోదు.. మీ డబ్బు అసలు ఎక్కడికెళ్తుందో ఇలా చెక్ చేసుకోండి!

డబ్బు పెరగాలి. కానీ అది చెరువులో విషం కలిపే ఫ్యాక్టరీ నుంచో, కూలీల పొట్టకొట్టే కంపెనీ నుంచో రాకూడదు. ఇలా ఆలోచించే మదుపరుల కోసం మార్కెట్‌లో ఇప్పుడు బోలెడు పేర్లు కనిపిస్తున్నాయి. ఈఎస్‌జీ ఫండ్, గ్రీన్ బాండ్, గ్రీన్ డిపాజిట్, సస్టెయినబుల్ ఇన్వెస్టింగ్.. ఏది చూసినా ప్రకటనలో ఒక ఆకు బొమ్మ ఉంటుంది. మరి వీటిలో నిజంగా పర్యావరణానికి, మనుషులకు మేలు చేసేవి ఏవి? పేరుకు మాత్రమే పచ్చగా ఉన్నవి ఏవి? సామాన్యులు ఎలా తేల్చుకోవాలి? పూర్తి వివరాలు ఇప్పుడు తెలుసుకుందాం.

ఈఎస్‌జీ అంటే ఏంటి?

ఎన్విరాన్‌మెంట్, సోషల్, గవర్నెన్స్ అనే మూడు మాటల్లోని మొదటి అక్షరాలే ఈఎస్‌జీ. కంపెనీ పర్యావరణంతో ఎలా ఉంటోంది, ఉద్యోగులతో, చుట్టుపక్కల ఊళ్లతో ఎలా ఉంటోంది, యాజమాన్యం ఎంత నిజాయితీగా నడుపుతోంది అన్నవి ఇందులో చూస్తారు. ఏజెన్సీలు ఈ మూడింటికీ కలిపి ఒక స్కోర్ ఇస్తాయి.

చాలామంది తికమక పడేది ఇక్కడే. ఈఎస్‌జీ స్కోర్ బాగుందంటే ఆ కంపెనీ భూమికి మేలు చేస్తోందని అర్థం కాదు. పర్యావరణ, సామాజిక సమస్యల వల్ల ఆ కంపెనీ లాభాలకు వచ్చే ముప్పు ఎంత అన్నదే చాలా రేటింగ్‌లు ప్రధానంగా కొలుస్తాయి. కంపెనీ వల్ల ప్రపంచానికి ఎంత ముప్పు అన్నది వేరే ప్రశ్న.

మన దేశంలో ఎక్కువ ఈఎస్‌జీ ఫండ్లు మొదలైంది 2020, 2021 ప్రాంతంలో. వాటి పోర్ట్‌ఫోలియోలు తెరిచి చూస్తే పైవరుసలో కనిపించినవి ఎక్కువగా పెద్ద ప్రైవేటు బ్యాంకులు, ఐటీ కంపెనీలే. సోలార్ కంపెనీలో, నీటి శుద్ధి సంస్థలో కావు. కారణం సింపుల్. ఆఫీసుల్లో నడిచే వ్యాపారానికి పొగ గొట్టాలు ఉండవు కాబట్టి స్కోర్ బాగా వస్తుంది. కానీ బ్యాంకు ఇచ్చిన అప్పుతో బొగ్గు ప్లాంటు కడితే ఆ పొగ ఎవరి లెక్కలోకి వస్తుందన్నది మదుపరి అడగాల్సిన ప్రశ్న.

రేటింగ్‌ను కళ్లు మూసుకుని నమ్మొచ్చా?

నమ్మకూడదని చెప్పడానికి హైదరాబాద్‌కే ఒక పాఠం ఉంది. 2008లో సత్యం కంప్యూటర్స్‌కు కార్పొరేట్ గవర్నెన్స్‌లో గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. నెలలు తిరగకుండానే, 2009 జనవరి 7న, లెక్కల్లో రూ.7 వేల కోట్లకు పైగా తేడా ఉందని ఛైర్మన్ రామలింగరాజు లేఖ రాశారు. షేర్ కుప్పకూలింది. తర్వాత ఆ అవార్డును వెనక్కి తీసుకున్నారు.

విదేశాల్లోనూ ఇదే కథ. 2015 సెప్టెంబర్‌లో డౌ జోన్స్ సస్టెయినబిలిటీ సూచీలో వోక్స్‌వ్యాగన్ కార్ల రంగంలో టాప్‌లో నిలిచింది. అదే నెలలో డీజిల్ కార్ల పొగ పరీక్షల్లో మోసం బయటపడింది. అక్టోబర్‌లో సూచీ నుంచి తీసేశారు.

రేటింగ్ ఇచ్చే సంస్థల మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. అమెరికాలోని ఎంఐటీకి చెందిన పరిశోధకులు ఆరు పెద్ద ఏజెన్సీల రేటింగ్‌లను పోల్చారు. రేటింగ్‌లన్నీ ఒకేలా ఉంటే 1 రావాల్సిన చోట, సగటున 0.54 మాత్రమే వచ్చింది. అంటే ఒక ఏజెన్సీ భేష్ అన్న కంపెనీని ఇంకో ఏజెన్సీ అంతంతమాత్రం అనొచ్చు.

ఫండ్ కంపెనీలు చెప్పేదీ చేసేదీ ఒకటి కాకపోతే? జర్మనీకి చెందిన డీడబ్ల్యూఎస్ సంస్థ ఈఎస్‌జీ విషయంలో మదుపరులను తప్పుదోవ పట్టించిందంటూ అమెరికా నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2023 సెప్టెంబర్‌లో 1.9 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 2025లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రాసిక్యూటర్లు మరో 2.5 కోట్ల యూరోలు కట్టించారు. ఇలా లేని పచ్చదనాన్ని పూసుకోవడాన్నే 'గ్రీన్‌వాషింగ్' అంటారు.

'పేదలకు మేలు' పేరుతో వచ్చిన షేర్.. 2010లో ఏం జరిగింది?

ఎథికల్ ఇన్వెస్టింగ్ అంటే పర్యావరణం ఒక్కటే కాదు, మనుషులు కూడా. ఈ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అనుభవం దేశమంతా గుర్తుపెట్టుకోవాల్సింది.

హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఎస్‌కేఎస్ మైక్రోఫైనాన్స్ 2010 ఆగస్టులో షేర్ మార్కెట్‌లో లిస్ట్ అయింది. పేద మహిళలకు చిన్న అప్పులిచ్చి పైకి తెచ్చే వ్యాపారం, పైగా లాభం.. ఇదీ అప్పటి ప్రచారం. ఐపీఓ ద్వారా సుమారు రూ.1,600 కోట్లు వచ్చాయి. అయితే అప్పటికే పల్లెల్లో ఒక్కో మహిళకు రెండు, మూడు సంస్థల అప్పులు, వారం వారం కిస్తీలు. కిస్తీల వసూలులో వేధింపులపై, ఆత్మహత్యలపై వార్తలు వచ్చాయి. 2010 అక్టోబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థలను కట్టడి చేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు నిలిచిపోయాయి. ఐపీఓలో రూ.985కి అమ్మిన షేర్ 2012 నాటికి రూ.100 లోపుకి పడిపోయింది.

మంచి ఉద్దేశం ఉన్న వ్యాపారమైనా అప్పులు ఎంత వేగంగా పెంచుతోంది, వడ్డీ ఎంత, వసూలు పద్ధతి ఏంటి అని అడగకపోతే మదుపరి, అప్పు తీసుకున్న మహిళ ఇద్దరూ నష్టపోతారని ఆ అనుభవం చెప్పింది.

ఈఎస్‌జీ మ్యూచువల్ ఫండ్లకు సెబీ రూల్స్ ఇవీ

సెబీ 2023 జులైలో నిబంధనలు బిగించింది. ఇప్పుడు ఈఎస్‌జీ ఫండ్ తన పేరులోనే ఏ పద్ధతి పాటిస్తుందో చెప్పాలి. మొత్తం 6 పద్ధతులు ఉన్నాయి.

* ఎక్స్‌క్లూజన్: పొగాకు, మద్యం, బొగ్గు వంటి కొన్ని రంగాలను పక్కన పెట్టడం. ఏవి పక్కన పెడతారో ఫండ్ పత్రాల్లో ఉంటుంది.
* ఇంటిగ్రేషన్: లాభనష్టాలతో పాటు ఈఎస్‌జీ అంశాలను కూడా చూడటం. ఫలానా రంగం అసలు ఉండకూడదన్న నియమం ఇందులో లేదు.
* బెస్ట్ ఇన్ క్లాస్: ప్రతి రంగంలో మిగతావాటికంటే మెరుగైనవి ఎంచుకోవడం. అంటే సిమెంట్ కంపెనీల్లో కాస్త నయమైన సిమెంట్ కంపెనీ ఉండొచ్చు.
* ఇంపాక్ట్: కొలవగలిగే సామాజిక, పర్యావరణ ఫలితం కోసం పెట్టడం.
* సస్టెయినబుల్ ఆబ్జెక్టివ్స్: సుస్థిరత లక్ష్యాలున్న కంపెనీల్లో పెట్టడం.
* ట్రాన్సిషన్: కాలుష్య రంగాల నుంచి శుభ్రమైన పద్ధతులకు మారుతున్న కంపెనీల్లో పెట్టడం.

ఫండ్ డబ్బులో కనీసం 80 శాతం చెప్పిన పద్ధతి ప్రకారమే పెట్టాలి. కనీసం 65 శాతం, పర్యావరణ-సామాజిక లెక్కలను బయటి సంస్థతో తనిఖీ చేయించుకున్న లిస్టెడ్ కంపెనీల్లో ఉండాలి. కంపెనీల వాటాదారుల సమావేశాల్లో ఏ తీర్మానానికి అనుకూలంగా ఓటేశారో, దేనికి వ్యతిరేకంగా వేశారో, ఎందుకో కూడా చెప్పాలి.

'బొగ్గు కంపెనీలో నా రూపాయి ఉండకూడదు' అనుకునేవాళ్లు ఇంటిగ్రేషన్ ఫండ్ కొంటే తర్వాత పోర్ట్‌ఫోలియో చూసి షాక్ అవ్వొచ్చు. వాళ్లు ముందుగా చూడాల్సింది ఎక్స్‌క్లూజన్ ఫండ్లనే. అందులోనూ పక్కన పెట్టే జాబితా చదివాకే.

ఫండ్ లోపల ఏముందో ఎలా చూడాలి?

ఇది మొబైల్‌లోనే అయిపోయే పని. ఫండ్ సంస్థ వెబ్‌సైట్‌లో నెలవారీ పోర్ట్‌ఫోలియో ఉంటుంది. అందులో మొదటి 10 కంపెనీల పేర్లు చూడండి. మామూలు నిఫ్టీ ఫండ్‌లో ఉండే పేర్లే వరుసగా కనిపిస్తే, అదనంగా ఫీజు ఎందుకు కడుతున్నారో ఆలోచించుకోవాలి. ఖర్చుల నిష్పత్తి కూడా ఆ పక్కనే ఉంటుంది.

తర్వాత ఒకటి రెండు కంపెనీల 'బీఆర్ఎస్ఆర్' నివేదిక తెరవండి. మార్కెట్ విలువ ప్రకారం టాప్ 1,000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి దీన్ని తప్పనిసరిగా ఇస్తున్నాయి. వార్షిక నివేదికలో గానీ, స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్‌లో గానీ దొరుకుతుంది. వంద పేజీలు చదవక్కర్లేదు. ఇవి చూస్తే చాలు.

* సూత్రం 1: కంపెనీపై పడిన జరిమానాలు, శిక్షలు.
* సూత్రం 3: ఉద్యోగులు, కార్మికుల భద్రత, ప్రమాదాలు, మరణాలు.
* సూత్రం 5: కనీస వేతనాలు, స్త్రీపురుషుల జీతాల్లో తేడా.
* సూత్రం 6: కరెంటు, నీటి వాడకం, ఉద్గారాలు, వ్యర్థాలు. పర్యావరణ చట్టాలను ఉల్లంఘించిన వివరాలు కూడా ఇక్కడే ఉంటాయి.

ఈ ఏడాది అంకె పక్కనే పోయిన ఏడాది అంకె ఉంటుంది. ఫొటోలు, నినాదాల కంటే ఆ రెండు అంకెల మధ్య తేడాయే అసలు విషయం చెబుతుంది.

గ్రీన్ డిపాజిట్: రిస్క్ వద్దనుకునేవారికి

షేర్ల గోల వద్దనుకునేవారికి బ్యాంకుల్లో గ్రీన్ డిపాజిట్లు ఉన్నాయి. రిజర్వ్ బ్యాంక్ వీటికి 2023 జూన్ 1 నుంచి నిబంధనలు పెట్టింది. ఈ డబ్బును సోలార్, విండ్, శుభ్రమైన రవాణా, నీటి నిర్వహణ వంటి పనులకే అప్పుగా ఇవ్వాలి. బొగ్గు, చమురు తవ్వకాలు, అణు విద్యుత్, చెత్తను నేరుగా తగలబెట్టే ప్లాంట్లు, మద్యం, పొగాకు, ఆయుధాలు, పామాయిల్, 25 మెగావాట్లు దాటిన జలవిద్యుత్ ప్రాజెక్టులకు ఇవ్వకూడదు. డబ్బు ఎక్కడికెళ్లిందో ఏటా బయటి సంస్థతో తనిఖీ చేయించాలి.

మామూలు ఎఫ్‌డీలాగే వీటికీ రూ.5 లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంటుంది. పన్ను కూడా మామూలు ఎఫ్‌డీ మాదిరే, ప్రత్యేక రాయితీ లేదు. వడ్డీ మాత్రం కాస్త తగ్గొచ్చు. ఎస్‌బీఐ 2024 జనవరిలో 1111, 1777, 2222 రోజుల గ్రీన్ డిపాజిట్లు తెచ్చినప్పుడు మామూలు రేటు కంటే 0.10 శాతం తక్కువ ఇచ్చింది. లక్ష రూపాయలకు ఏడాదికి సుమారు రూ.100 తేడా.

అయితే ఒక లింకు ఉంది. డిపాజిట్ గ్రీన్ అయినంత మాత్రాన బ్యాంకు మొత్తం గ్రీన్ అయిపోదు. అదే బ్యాంకు వేరే డబ్బుతో బొగ్గు ప్రాజెక్టులకు అప్పులివ్వొచ్చు. 2020లో ఇలాంటి వివాదమే వచ్చింది. ఆస్ట్రేలియాలోని కార్మైకేల్ బొగ్గు గనికి ఎస్‌బీఐ అప్పు ఇవ్వబోతోందన్న వార్తలు రావడంతో, ఫ్రాన్స్‌కు చెందిన అముండి సంస్థ తన దగ్గరున్న ఎస్‌బీఐ గ్రీన్ బాండ్లను నిరసనగా అమ్మేసింది. సామాన్యుడు అంత పెద్ద ఒత్తిడి తేలేడు. కానీ డిపాజిట్ వేసేముందు 'ఈ డబ్బు ఏ ప్రాజెక్టులకు వెళ్లింది, తనిఖీ రిపోర్టు ఎక్కడుంది' అని బ్రాంచ్‌లో అడగొచ్చు.

కేంద్ర ప్రభుత్వ గ్రీన్ బాండ్లు

కేంద్రం 2023 జనవరి 25న మొదటిసారి సావరిన్ గ్రీన్ బాండ్లు వేలం వేసింది. ఆ నెల, ఆ తర్వాతి నెల కలిపి రూ.16 వేల కోట్లు సేకరించింది. వడ్డీ 5 ఏళ్ల బాండ్‌కు 7.10 శాతం, 10 ఏళ్ల బాండ్‌కు 7.29 శాతం. సావరిన్ గోల్డ్ బాండ్లు వేరు, ఇవి వేరు. పేరు దగ్గరగా ఉందని పొరబడొద్దు.

ఈ డబ్బును పునరుత్పాదక ఇంధనం, శుభ్రమైన రవాణా, నీరు-వ్యర్థాల నిర్వహణ, జీవవైవిధ్యం లాంటి 9 విభాగాల్లోనే ఖర్చు చేయాలి. దీన్ని పరిశీలించిన నార్వే సంస్థ సిసెరో 'మీడియం గ్రీన్' అని తేల్చింది. అంటే సరైన దారిలోనే ఉంది గానీ, ముదురు పచ్చ స్థాయికి ఇంకా చేరలేదు.

ఆర్‌బీఐ రిటైల్ డైరెక్ట్ పోర్టల్‌లో ఉచితంగా ఖాతా తెరిచి, వేలం ఉన్నప్పుడు కనీసం రూ.10 వేలతో కొనొచ్చు. అసలు, వడ్డీకి కేంద్రమే పూచీ. కాకపోతే గడువుకు ముందే అమ్మాలంటే కొనేవాళ్లు వెంటనే దొరక్కపోవచ్చు. మార్కెట్‌లో వడ్డీ రేట్లు పెరిగి ఉంటే ధర కూడా తగ్గుతుంది. గడువు దాకా ఉంచుకోగలిగే డబ్బునే పెట్టాలి.

మున్సిపల్ గ్రీన్ బాండ్లు: ఇండోర్ ఏం చేసింది?

ఘజియాబాద్ 2021లో రూ.150 కోట్ల గ్రీన్ బాండ్లతో మురుగునీటి శుద్ధికి నిధులు తెచ్చుకుంది. దేశంలో మున్సిపల్ గ్రీన్ బాండ్ అదే మొదటిది. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ ఇంకో అడుగు వేసి సామాన్య జనానికే బాండ్లు అమ్మింది. రూ.244 కోట్ల ఇష్యూకు ఎన్నో రెట్ల దరఖాస్తులు వచ్చాయి. ఊరికి నర్మద నీళ్లు తోడే పంపుల కరెంటు కోసం 60 మెగావాట్ల సోలార్ ప్లాంటు కట్టడం దీని లక్ష్యం.

ఇలాంటి బాండ్‌లో డబ్బు దేనికో స్పష్టంగా తెలుస్తుంది. ప్లాంటు వచ్చిందా లేదా అని కంటితో చూడొచ్చు. అయితే ప్రతి మున్సిపల్ బాండూ గ్రీన్ కాదు. జీహెచ్‌ఎంసీ 2018లో రూ.200 కోట్ల బాండ్లు జారీ చేసింది రోడ్లు, ఫ్లైఓవర్ల కోసం. పైగా వీటికి కార్పొరేషన్ ఆదాయమే ఆధారం కాబట్టి క్రెడిట్ రేటింగ్ చూడకుండా కొనకూడదు.

ఇంటి డాబాపై సోలార్ కూడా పెట్టుబడే

ఏ ఫండూ, ఏ రేటింగూ అక్కర్లేని దారి ఇది. కేంద్రం 2024 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు రూ.30 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే మొత్తం రూ.78 వేలు సబ్సిడీ వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. 3 కిలోవాట్ల సిస్టమ్‌కు రూ.1.90 లక్షలు అయిందనుకుంటే, సబ్సిడీ పోను చేతి నుంచి పడేది రూ.1.12 లక్షలు. నెలకు 300 యూనిట్లు వచ్చి, యూనిట్‌కు సగటున రూ.5 మిగిలితే ఏడాదికి రూ.18 వేలు. అంటే ఆరేళ్లు దాటగానే పెట్టింది తిరిగొస్తుంది. ప్యానెళ్లు సాధారణంగా 25 ఏళ్లు పనిచేస్తాయి, మధ్యలో ఇన్వర్టర్ మార్చాల్సి రావొచ్చు. కరెంటు వాడకం తక్కువగా ఉన్న ఇంటికి, నీడ పడే డాబాకు మాత్రం ఈ లెక్క కుదరదు. అద్దె ఇళ్లవాళ్లకు ఈ దారి ఉండదు.

సోలార్ అంటే మచ్చలేనిదేనా?

అలా అనుకోవడానికీ లేదు. రాజస్థాన్, గుజరాత్‌లలో సోలార్, విండ్ ప్రాజెక్టుల కరెంటు తీగలకు తగిలి బట్టమేక పిట్టలు చనిపోతున్నాయని కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. తీగలను భూమిలో వేయాలని 2021లో కోర్టు ఆదేశించింది. అన్నిచోట్లా అది సాధ్యం కాదని కేంద్రం చెప్పడంతో 2024 మార్చిలో ఆ ఆదేశాన్ని సవరించి నిపుణుల కమిటీ వేసింది. మన నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం ఏర్పడింది కూడా ఈ పక్షి కోసమే.

అలాగని సోలార్ వద్దని కాదు. ప్రాజెక్టు ఎక్కడ వస్తోంది, అక్కడి భూమి ఎవరిది, ఆ భూమి మీద బతికేవాళ్లకు పరిహారం అందిందా అన్నవి కూడా 'ఎథికల్' లెక్కలోకే వస్తాయి.

టేకు, ఎర్రచందనం స్కీములతో జాగ్రత్త!

'మొక్కలు మేం పెంచుతాం, మీకు లక్షలు వస్తాయి, పర్యావరణానికీ మేలు'.. ఈ మాట కొత్తది కాదు. 1990లలో టేకు తోటల పేరుతో ఎన్నో కంపెనీలు జనం డబ్బు సేకరించి చేతులెత్తేశాయి. దాంతో సెబీ 1999లో కలెక్టివ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీముల నిబంధనలు తెచ్చింది. అయినా ఆగలేదు. వ్యవసాయ భూముల పేరుతో పీఏసీఎల్ సంస్థ రూ.49 వేల కోట్లు సేకరించినట్లు సెబీ 2014లో తేల్చింది. అగ్రిగోల్డ్ బాధితుల కష్టాలు తెలుగు రాష్ట్రాల్లో తెలియనివారు లేరు.

ఇప్పుడు శ్రీగంధం, ఎర్రచందనం మొక్కలతో ఫామ్ ప్లాట్లు అమ్ముతున్నారు. నలుగురి డబ్బు కలిపి, వాళ్ల తరఫున వేరేవాళ్లు నడుపుతూ లాభం ఇస్తామంటే దానికి సెబీ రిజిస్ట్రేషన్ ఉండాలి. లేదంటే దూరంగా ఉండటమే మంచిది. ప్లాట్ రిజిస్ట్రేషన్ పత్రం వేరు, సెబీ రిజిస్ట్రేషన్ వేరు.

డబ్బు పెట్టే ముందు ఈ 6 ప్రశ్నలు

1. నాకు అసలు ఏది వద్దు? బొగ్గా, పొగాకా, మద్యమా, బాల కార్మికులా? ముందు కాగితంపై రాసుకోవాలి. ఒకరి జాబితా ఇంకొకరికి సరిపోదు.
2. ఈ డబ్బు ఏ ప్రాజెక్టుకు, ఏ కంపెనీకి వెళ్తుంది? పేర్లు చెప్పలేకపోతే అనుమానించాలి.
3. దీన్ని ఎవరు నియంత్రిస్తున్నారు? సెబీనా, ఆర్‌బీఐనా, ఎవరూ కాదా?
4. బయటి సంస్థ తనిఖీ చేసిన రిపోర్టు ఉందా? కంపెనీ తనకు తాను ఇచ్చుకున్న సర్టిఫికెట్ లెక్కలోకి రాదు.
5. రాబడి, ఖర్చులు, గడువు మామూలు పెట్టుబడితో పోలిస్తే ఎలా ఉన్నాయి? మరీ ఎక్కువ లాభం ఆశ చూపితే ఆగి ఆలోచించాలి.
6. ఏడాది తర్వాత ఏం మారిందో చూసే దారి ఉందా? ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని లీటర్ల శుద్ధి నీరు వచ్చిందో చెప్పాలి.

నూటికి నూరు శాతం స్వచ్ఛమైన పెట్టుబడి దొరకడం కష్టం. కానీ డబ్బు దారి ఎంత దగ్గరగా, ఎంత స్పష్టంగా కనిపిస్తే మోసపోయే అవకాశం అంత తగ్గుతుంది. ఆ లెక్కన చూస్తే ఇంటిపై సోలార్, ఫలానా పనికే అని చెప్పే బాండ్లు ముందు వరుసలో ఉంటాయి. వాటి తర్వాత గ్రీన్ డిపాజిట్లు. ఈఎస్‌జీ ఫండ్లు పోర్ట్‌ఫోలియో చదివే ఓపిక ఉన్నవారికి. ఏది ఎంచుకున్నా ఏడాదికి ఒకసారి మళ్లీ చెక్ చేసుకోవడం మర్చిపోవద్దు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. వడ్డీ రేట్లు, సబ్సిడీలు, నిబంధనలు మారుతుంటాయి. మ్యూచువల్ ఫండ్లు, షేర్లు, బాండ్లలో పెట్టుబడులకు మార్కెట్ రిస్క్ ఉంటుంది. డబ్బు పెట్టే ముందు పథకం పత్రాలు పూర్తిగా చదివి, సెబీ వద్ద నమోదైన సలహాదారును సంప్రదించండి.